మధిరకు దుమ్ము మిషన్

రుద్రంపూర్,
కొత్తగూడెం.
24 నవంబర్ 2024, ఆదివారం.

చిరంజీవి రోజారాణికి మీ మామయ్య సారంగపాణి దీవించి రాసేది.

పై వరుస రాయడానికే చాలాసేపు పట్టింది బిడ్డా. నువ్వు కాన్పుకు మధిర వెళ్లినప్పుడు నీకొక ఉత్తరం రాశాను, గుర్తుందో లేదో. మా నాన్న నేర్పిన పద్ధతిలో 'చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి' అని మొదలుపెట్టాను. చేతిలో ఫోను పెట్టుకుని ఉత్తరం రాసే మనిషివి నువ్వొక్కడివే నాయినా అని వీరేందర్ నవ్వాడు. నవ్వుతూనే తీసుకెళ్లి పోస్టులో వేసి వచ్చాడు. ఈసారి 'చిరంజీవి' వరకు రాసి కలం ఎత్తేశాను. తర్వాతి మాట రాయడానికి లేదు. వదిలేస్తే ఆ ఖాళీ నీ కంట పడుతుందని తెలుసు. పడనీ. మనలో మనం దాచుకునేది కాదది.

ఇక్కడ నేనూ మీ అత్తమ్మా ఉన్నాం. క్షేమంగా ఉన్నామని రాయబోయి, ఉన్నాం అని మాత్రం రాశాను. మీ అన్నయ్య, వదిన బాగున్నారని తలుస్తాను. కుట్టు షాపులో నీ పని ఎలా ఉంది? హర్షిత కొత్త బడికి అలవాటు పడిందా? ఇక్కడ వానలు ఆగిపోయాయి. పొద్దున మంచు, మంచు విడిచాక బొగ్గు లారీల దుమ్ము. గేటు పక్కన నువ్వు నాటిన బొప్పాయి కాసింది. పక్కింటి ప్రమీలారాణి నీకు చెప్పమంది. కాయలు మీ అత్తమ్మ కోయదు, నన్ను కోయనివ్వదు. పిట్టలు తింటున్నాయి.

మిషన్ బాగైంది. రేపు పార్సిల్‌లో వేస్తున్నాను. నువ్వు అడిగినప్పటి నుంచి ఇంత ఆలస్యం ఎందుకైందో ఫోనులో చెప్పబోయి ప్రతిసారీ సగంలోనే పెట్టేస్తున్నాను. అందుకని రాస్తున్నాను. నీకు తెలిసినవి కూడా మొదటి నుంచి రాస్తాను, విసుక్కోకు. హర్షిత పెద్దదయ్యాక ఎప్పుడైనా చదువుకుంటుందేమో.

దానికి మూడో ఏడు వచ్చినప్పుడు పిల్లికూతలు మొదలయ్యాయి. దవాఖానాలో డాక్టరమ్మ, ఇల్లు చీపురుతో ఊడిస్తే లేచే దుమ్మే ఈ పిల్లకు శత్రువు అని చెప్పింది. మన ఇల్లా, లారీలు పోయే రోడ్డు మీదుంది. పొద్దున తుడిచిన అరుగు మీద పగటికి వేలితో పేరు రాయొచ్చు. వీరేందర్ అప్పటికి ఆ గృహోపకరణాల షాపులో చేరి ఏడాదైంది. ట్రాలీ ఆటోలో ఫ్రిజ్‌లు, వాషింగ్ మిషన్‌లు వేసుకుని చండ్రుగొండ దాకా, ఆ పైన అడవి ఊళ్ల దాకా తీసుకెళ్లి దించి వచ్చేవాడు. ఒకరోజు ఆ ఎర్ర వాక్యూమ్ క్లీనర్ తెచ్చాడు, జీతంలో నెలనెలా కోయించుకునే ఒప్పందం మీద. మీ అత్తమ్మ ఎంత గొడవ చేసింది! "చీపురు లేదా కొంపల? ఊడ్వనీకి గూడ కరెంటు కావాల్నా?" అని. వాడు గొట్టం ఎత్తి హర్షితకు చూపించి, "ఇది ఏనుగు బిడ్డా, దుమ్ము తింటది, నిన్ను తినదు" అన్నాడు. అప్పటి నుంచి దాని పేరు ఏనుగే అయింది. మొదట తిట్టిన మీ అత్తమ్మే తర్వాత ప్రమీలారాణిని పిలిచి, "మా వీరు తెచ్చిండు, పట్టుకొని చూడు ఎట్ల గుంజుతదో" అని చూపించింది. ఇది నీకు తెలియదు. నువ్వప్పుడు హర్షితను బడికి తీసుకెళ్లావు.

ఆ మిషన్ బాకీ జల్దీ తీర్చేద్దామని వాడు ఆదివారాలు కూడా డెలివరీలకు ఒప్పుకున్నాడు. తొలకరి వానకు చండ్రుగొండ దగ్గర అడవి మలుపులో ట్రాలీ తిరగబడింది. దాని గురించి ఇంతకంటే రాయను.

పెద్దకర్మ మర్నాడు మీ అత్తమ్మ నిన్ను అన్న మాట నేనూ విన్నాను. "నీ బిడ్డ దగ్గు కోసం నా కొడుకు పాణం పోయింది" అన్నది. నేను నోరు తెరిచేలోపే నువ్వు లోపలికి వెళ్లి బ్యాగు సర్దుకున్నావు. నాకు ఒక్క మాట చెప్పి, హర్షితను ఎత్తుకుని బస్సెక్కావు. మూలనున్న మిషన్ వైపు తిరిగి కూడా చూడలేదు. ఆ తర్వాత నీ నుంచి ఫోన్ లేదు. నేను చేస్తే మీ అన్నయ్య ఎత్తి బాగున్నారని చెప్పి పెట్టేసేవాడు. ఆయన్ని తప్పు పట్టను. చెల్లెల్ని అంత మాట అన్న ఇంటితో ఏ అన్నయినా అంతకంటే ఏం మాట్లాడతాడు.

దసరా దాటాక నీ ఫోన్ వచ్చింది. ఫోను ఇంట్లోనే పెట్టి నేను బజారుకు వెళ్లాను, మీ అత్తమ్మ ఎత్తింది. నేను ఇంటికి వచ్చేసరికి వంటింటి గడప మీద కూర్చుని ఉంది. "రోజా ఫోన్ చేసింది. ఆడ పత్తి మిల్లు పక్కన ఇల్లంట, పోరికి మల్ల ఆయాసం లేసిందంట. మిషన్ అడుగుతున్నది" అని చెప్పింది. ఎంత సంతోషం అనిపించిందో. అయితే రేపే పంపుదామన్నాను. "అది చెడిపోయింది. అదే మాట చెప్పిన" అన్నది. చెడిపోవడమేందని తీసి ప్లగ్గు పెట్టాను. టప్‌మని చప్పుడై, కాలిన వాసన వచ్చి, ఇంట్లో కరెంటు పోయింది. నిజంగానే చెడిపోయింది.

ముప్పై ఏళ్లకు పైగా బొగ్గుబావి పంపులు, మోటార్లు విప్పి బిగించిన ఫిట్టర్ని. ఇదొక లెక్కా అనుకున్నాను. తీరా చూస్తే దాని మరలకు నక్షత్రం తలలు. నా డబ్బాలో ఉన్నవేవీ వాటికి పట్టలేదు. కొత్తగూడెం అంతా తిరిగి ఆ స్క్రూడ్రైవర్ సంపాదించాను. ప్రమీలారాణి గోడ మీంచి చూసి, "ఎందుకన్నా ఈ తిప్పలు? ఫోన్ల ఆర్డర్ పెడితే రేపటికల్లా కొత్తది ఇంటికొస్తది. రిపేరుకు పెట్టే పైసలకు ఇంకొన్ని ఏసుకుంటే అయిపాయె" అన్నది. ఆమె మాటలో తప్పు లేదు. అయినా మరలు విప్పడానికే కూర్చున్నాను.

విప్పి చూస్తే లోపలంతా తడి. బేరింగులు తుప్పు పట్టాయి, కార్బన్ బ్రష్షులు మసి, మోటారు తీగ నల్లగా మాడింది. ఇందులోకి నీళ్లెట్లా వచ్చాయని ఆలోచించాను. ఆ వారమే పెద్ద వాన పడింది. మూలన రేకుల సందులోంచి కారిందనుకున్నాను. రేకు మార్పించాలని ఎండాకాలం నుంచి అనుకుంటున్నదే. అశ్రద్ధ చేశానని నన్ను నేనే తిట్టుకున్నాను.

దుమ్ము సంచి బయటికి తీశాను. ముద్దగా ఉంది. చెత్తకుండీలో వేయబోతే మీ అత్తమ్మ వచ్చి, "ఆగు, అండ్ల పోరి పూసలేమన్న ఉంటయ్" అని తీసుకుంది. అరుగు మీద పేపరు పరిచి విప్పింది. పూసలు ఉన్నాయి. హర్షిత రంగుపెన్సిలు ముక్క ఉంది. ఇంకా పొట్టి పొట్టి నల్ల వెంట్రుకలు ఉన్నాయి.

రోజా, ఆ ఆదివారం నీకు గుర్తుండే ఉంటుంది. డెలివరీకి వెళ్లబోయే ముందు వాడు చాప మీద కూర్చుని గడ్డం కత్తిరించుకున్నాడు. చాప మీద పడ్డవన్నీ హర్షిత చేత మిషన్‌తో పీల్పించి, "శభాష్, ఏనుగుకు టిఫిన్ అయింది" అన్నాడు. ఆ తర్వాత మిషన్‌ను ఎవరూ ముట్టుకోలేదు.

మీ అత్తమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఒక్కొక్క వెంట్రుక దుమ్ములోంచి వేరుచేసి, ఇంకో కాగితం మీద పెట్టి ఎండలో ఆరబెట్టింది. గాలికి పోకుండా పక్కనే చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంది. అన్నానికి పిలిస్తే రాలేదు. కాసేపటికి నన్ను పిలిచి, "తడిస్తే వెంట్రుకలు పాడైతయా?" అని అడిగింది. ఏం కావు పిచ్చమ్మా అన్నాను. అప్పుడు ఏడ్చింది. ఆరినవన్నీ చిన్న స్టీలు డబ్బాలో పెట్టింది. ఆ రోజు నుంచి తిండి మీద ధ్యాస లేదు. కూర మాడితే కూడా తెలియడం లేదు. వెంట్రుకలు చూసి మళ్లీ కొడుకు కళ్లముందుకు వచ్చాడు, అదే బాధ అనుకున్నాను.

నా చేతనైనంత చేశాను. బేరింగులు మార్చాను, బ్రష్షులు వేశాను. మోటారు తిరగలేదు. పంపు మోటారు వేరు, ఇది వేరు. నా వేళ్లకు అందని సన్నటి పని. చేతులెత్తేసి ఖమ్మం బస్సెక్కాను. కంపెనీ సర్వీసు సెంటర్‌లో రామ్‌చందర్ అని ఒకతను ఉన్నాడు. మర్యాదస్తుడు. కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, మిషన్ అంతా చూశాడు. "పెద్దాయనా, ఉన్నది ఉన్నట్టు చెప్త. ఈ మోడల్ ఆగిపోయింది. మోటార్ హైదరాబాద్ నుంచి తెప్పియ్యాలె, వస్తదో రాదో గ్యారంటీ లేదు. సర్వీసింగుకు పెట్టి దీని మీద ఖర్చు చేసుకునుడు దండుగ. ఇది మాకిచ్చి కొత్తది తీసుకపోండ్రి, ధర తగ్గిస్తం" అన్నాడు. ఇచ్చిన పాతదాన్ని మీరేం చేస్తారని అడిగాను. "తుక్కు కిందికి పోతది" అన్నాడు.

కొత్తది ఆన్ చేసి చూపించాడు. చిన్నది, తేలిక, చప్పుడు కూడా అంతగా లేదు. హర్షిత ఆయాసం తలుచుకున్నాను. ఊపిరాడని పిల్లకు కావాల్సింది పనిచేసే వస్తువు. అది ఎవరు తెచ్చారన్నది పెద్దవాళ్లకు గానీ పిల్లకెందుకు? ఇచ్చేద్దామనే నిర్ణయానికి వచ్చాను. నీది కాబట్టి నీ మాట అడగాలని అక్కడి నుంచే ఫోన్ చేశాను. నువ్వన్నది ఇప్పటికీ చెవిలో ఉంది. "మామయ్యా, కొత్తదైతే మా అన్నయ్యే కొనిపెట్టేవాడండీ. నేను అడిగింది ఆయన తెచ్చిందాన్ని" అన్నావు. నేను సరేనమ్మా అనేలోపు మళ్లీ నువ్వే, "కానీ పిల్ల నిద్రపోలేకపోతోంది. మీకెలా తోస్తే అలా చేయండి" అన్నావు. ఆ రెండు మాటల నడుమ నువ్వు ఎంత నలిగిపోయావో నాకు తెలిసింది బిడ్డా. నాకు తోచింది ఏమీ లేదు. రామ్‌చందర్‌కు ఒక వారం ఆగమని చెప్పి, మిషన్ చంకన పెట్టుకుని తిరిగి వచ్చాను. ఇంటికి రాగానే మీ అత్తమ్మ ముందు నా చేతుల వైపు చూసింది. మిషన్ కనబడగానే గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

మన బజారులో లాలు తెలుసు కదా, మాడిన మోటార్లకు కొత్త తీగ చుట్టి వైండింగు చేస్తాడు. వాడి దగ్గరికి వెళ్లాను. "సారంగన్నా, బోరు మోటారైతే కండ్లు మూసుకొని చుడత. ఇది పిల్ల మోటారు, స్పీడెక్కువ. చుట్టినా ఎన్ని దినాలు ఆగుతదో నేను చెప్పలేను" అన్నాడు. ఎన్నాళ్లు ఆగితే అన్నాళ్లే, చుట్టు అన్నాను. వీరేందర్ మిషన్ అని తెలిసి వేరే పనులు పక్కన పెట్టాడు. మొదటిసారి చుట్టింది పొగొచ్చి మాడిపోయింది. లాలు తల పట్టుకున్నాడు. నేను లేచి ఖమ్మం బస్సుకు బయల్దేరబోతుంటే, "ఇంకొక్కపాలి చూడనీయన్నా" అన్నాడు. ఇంకోసారి చుట్టాడు.

మొన్న శుక్రవారం ఇంట్లో అరుగు మీద బిగించి స్విచ్చేశాను. తిరిగింది. మునుపటి చప్పుడు కాదు, గొంతు బొంగురుపోయినట్టుంది. కానీ గుంజుతోంది. నాకు సంతోషం పట్టలేక పిచ్చమ్మా అని మీ అత్తమ్మను పేరు పెట్టి కేకేశాను. తడి చేతులతో వచ్చి గుమ్మంలో నిలబడింది. "నడుస్తున్నదా?" అన్నది. నడుస్తున్నది అన్నాను. "అయితే పంపిస్తవా?" అన్నది. పంపిస్తానన్నాను. కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది. నేను మిషన్ ఆపేశాను. ఆపాక ఇల్లంతా ఎట్లా అయిపోయిందో ఏం రాయను.

ఇప్పుడు జాగ్రత్తలు రాస్తాను. గుర్తు పెట్టుకో. ఒక గది అయ్యాక ఆపి, చల్లారనిచ్చి, అప్పుడు ఇంకో గదికి పో. ఏకబిగిన నడిపిస్తే వేడెక్కుతుంది. తడి నేల మీద వాడకు. సంచి కొత్తది, ఖమ్మంలో దొరికింది. నిండక ముందే దులుపు, అది కూడా పిల్ల బడిలో ఉన్నప్పుడు, ఇంటికి దూరంగా. మూతికి గుడ్డ కట్టుకో. గొట్టం ఒకచోట పగిలింది, టేపు చుట్టాను.

ఇంకొక మాట. ఇది ఎప్పుడో ఒకప్పుడు ఆగిపోతుంది. లాలు చెప్పాడు, నాకూ తెలుసు. ఆ రోజు నువ్వు కూలబడిపోకు. దాన్ని మళ్లీ రిపేరుకు తిప్పకు. రామ్‌చందర్‌కు నీ పేరు చెప్పి ఉంచాను. పిల్ల ఊపిరి ముందు, మిగతావన్నీ వెనక. వీరేందర్ షాపులో పని చేసినవాడు. అక్కరకు రాని పాత సామాను పట్టుకుని వేలాడేవాళ్లను చూసి వాడు నవ్వేవాడు. పాతదాన్ని మూలన పెట్టుకుంటావో, లాలుకు ఇచ్చేస్తావో నీ ఇష్టం. వాడు తెచ్చిన వస్తువు ఆగిపోతే వాడు ఇంకోసారి పోయినట్టు కాదమ్మా. ఇది నీకు చెప్తున్నానా, నాకు నేను చెప్పుకుంటున్నానా తెలియదు.

మిషన్ సంగతి కనుక్కోవడానికి నువ్వు ఫోన్ చేసిన ప్రతిసారీ హర్షితను కూడా మాట్లాడించావు. "తాతా, ఏనుగుకు జొరం తగ్గిందా" అని అడిగేది. మీ అత్తమ్మ నా పక్కనే కూర్చుని వినేది, ఫోను ఇస్తే తీసుకునేది కాదు. ఆమెతో మాట్లాడమని గాని, ఇక్కడికి రమ్మని గాని నేను అడగను. అన్నమాట అన్నట్టే ఉంటుంది. కొడుకు పోయిన మనిషి కదా అని నేనంటే, మొగుడు పోయిన మనిషిని కాదా అని నువ్వు అడుగుతావు. అందుకని అననే అనను. హర్షితకు నా ముద్దులు. మీ అన్నయ్య వాళ్లను అడిగానని చెప్పు. నువ్వు వేళకు తిను.

ఇట్లు,
ఎప్పటికీ నీ మామయ్య,
సారంగపాణి

తాజా కలం: సోమవారం, కొత్తగూడెం బస్టాండు.

రోజా, చివరి కాగితం వెనక రాస్తున్నాను. ముందు చదవాల్సింది చివర్లో పడింది, ఏం చేయను. పార్సిల్ కౌంటర్ దాకా మీ అత్తమ్మ కూడా వచ్చింది. పెట్టెను తూకం మీద పెట్టమంటే ఇవ్వలేదు. రెండు చేతులా పట్టుకుని పక్క బల్ల మీద కూర్చుండిపోయింది. వెనక జనం అరుస్తున్నారు. ఏమైందే అంటే చెప్పింది. ఆమె చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను, అట్లాగే రాయమన్నది.

"అది ఫోన్ చేసిననాడు మిషన్ మంచిగనే ఉండె. ఎన్నాళ్లకో దాని గొంతు ఇన్న. ఎనకనుంచి పోరి దగ్గుడు గూడ ఇన్న. ఇన్నంక గూడ చెడిపోయిందని చెప్పిన. మిషన్ ఇచ్చినంక ఇగ వాళ్లకు మనతోని ఏం పని? ఫోన్ గూడ రాదనుకున్న. నువ్వొచ్చి చూస్తే అబద్ధమని తెలుస్తదని, చెంబెడు నీళ్లు పైపుల పోసి స్విచ్చేసిన. అండ్ల వాడి వెంట్రుకలున్నయని నాకేం ఎరుక?"

రేకులోంచి వాన కారలేదు బిడ్డా. నాకు కోపం రావాలి. బల్ల మీద ఆమె పక్కన కూర్చుని, పెట్టెకు నేనూ ఒక చెయ్యి వేశాను. నేను ఆమెను ఏమీ అనను. నువ్వు అనొచ్చు. అక్కడ ఆయాసపడింది నీ బిడ్డ. నెలకు పైగా నీకు నిద్ర లేదు.

"పిల్ల ఊపిరి ఆపిన పాపం నాది. పార్సిల్‌ల ఎందుకు, నేనే మోసుకపోయి ఇస్త. నువ్వు రావద్దు" అన్నది. ఒంటరిగా ఖమ్మం దాటిన మనిషి కాదు. ఖమ్మంలో దిగి మధిర బస్సు ఎక్కాలని రెండుసార్లు చెప్పించుకుంది. కండక్టరుకు కూడా చెప్పాను. కిటికీ పక్కన కూర్చుంది. పెట్టె పైన అరలో పెడతానంటే వద్దని ఒళ్లో పెట్టుకుంది. నీకు ఫోన్ చేసి చెప్పనా అంటే వద్దన్నది. "నేను నోటితోని చెప్పలేను. కాయితం ముందు దాని చేతికి ఇస్త. చదివినంక రమ్మంటే ఇంట్లకు పోత, లేకుంటే పెట్టె ఆడ పెట్టి మల్లొస్త" అన్నది.

బస్సు స్టార్ట్ చేశారు, జల్దీ రాస్తున్నాను. రమ్మనడం, పొమ్మనడం నీ ఇష్టం. ఏదైనా నేను నిన్ను తప్పు పట్టను. నువ్వు ఇక్కడి దాకా చదివేసరికి ఆమె నీ గేటు బయట ఆ పెట్టె ఎత్తుకునే నిలబడి ఉంటుంది. చాలా బరువుంది. ముందు అది అందుకో బిడ్డా.